పాత క్యాలెండరును అట్టలకు వాడే ముందు

ప్రశ్న:

నా వయసు 34. పుట్టిల్లు విజయనగరం, మెట్టినిల్లు గుణుపురం. పెళ్లికి ముందు ఒక ప్రైవేటు పాఠశాలలో మూడేళ్లు లెక్కలు చెప్పాను. పాప కడుపున పడ్డాక మానేశాను. ఇప్పుడు పాప మూడో తరగతి చదువుతోంది, బాబుకు మొన్ననే మూడేళ్లు నిండాయి. మా ఆయన ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తారు. నిరుడు దసరాలకు మామగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. నాతో డిగ్రీ చదివిన వాళ్లందరూ ఈ ఏడాది తాము సాధించినవి వాట్సాప్‌లో రాసుకుంటున్నారు. ఒకామెకు ప్రమోషన్ వచ్చింది, ఇంకొకామె స్థలం కొన్నది. నేనూ రాద్దామని పాప పాత నోటుబుక్కు తీసి, పైన సంవత్సరం వేసి గంటసేపు కూర్చున్నాను. ఒక్క వాక్యం రాలేదు. మామగారికి ఒంటి మీద పుండ్లు పడకుండా చూసుకోవడం, బాబు జ్వరాలు, సాయంత్రం పాపకు తెలుగు చెప్పడం, ఇవి ఎవరింట్లోనైనా ఉండేవే కదా. ఒడిశా ప్రభుత్వం ఆడవారికి ఇచ్చే సుభద్ర పథకం డబ్బు నా ఖాతాలో పడితే అదీ ఇంటి ఖర్చుల్లోనే కలిసిపోయింది. మా ఆయనను అడిగితే, “ఇంట్లోనే ఉన్నావు కదా, ఏం రాస్తావు?” అన్నారు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నారు. అందుకే ఎక్కువ బాధ వేసింది. నా ఏడాది ఎక్కడికి పోయిందండీ? చిరునామా మా పాప రాసింది, తప్పులుంటే మన్నించండి.

ఒక సోదరి, గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం పర్లాకిమిడిలో మా ఇంటికి చేరేసరికి మా గోడ మీది క్యాలెండరుకు కూడా ఆఖరి పేజీయే మిగిలి ఉంది. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, లేచి వెళ్లి దాన్ని మేకు మీంచి దింపి, వెనక్కి తిప్పుకుంటూ కూర్చున్నాను. మీరు నోటుబుక్కులో వెతికిన ఏడాది మీ వంటింటి గోడకే వేలాడుతూ ఉంటుందని నాకు గట్టిగా అనిపించింది. మన ఇళ్లలో పాత క్యాలెండరు కాగితాలతో పిల్లల పుస్తకాలకు అట్టలు వేయడం అలవాటు గనుక, ఆ పని చేసే ముందు ఒక పూట దాన్ని దగ్గర పెట్టుకుని చదవమని నా మొదటి మనవి.

గ్యాస్ బండ వచ్చిన తేదీ చుట్టూ గీసిన గుండ్రం, పాలు పోయించుకోని రోజుకు కొట్టిన అడ్డగీత, స్కూలు ఫీజు కట్టాల్సిన గడువు, టీకా వేయించిన రోజు, మామగారిని పరీక్షలకు తీసుకువెళ్లిన రోజు, అన్నీ తిథి వార నక్షత్రాల పక్కన ఉన్న ఆ కాస్త ఖాళీలోనే మీ చేతిరాతతో ఉంటాయి. వాటిలో ఏ గుర్తు ఎందుకు పెట్టారో మీకు తప్ప ఇంట్లో మరెవరికీ తెలియదు. ఆ ఇల్లు ఏడాది పొడవునా ఎవరి తలలో నడిచిందో చెప్పడానికి అదొక్కటే చాలని నేను అనుకుంటాను.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. నేను ఈ ఊరికి కాపురానికి వచ్చి నలభై ఏళ్లు దాటింది. మా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్న రోజుల్లో, ఒక డిసెంబరు చివర, నాకూ సరిగ్గా మీకు కలిగిన దిగులే కలిగి, ఏడాదంతా ఏం చేశానని ఎవరితోనో చెప్పుకుని కన్నీళ్లు పెట్టుకున్నాను. తరువాత కొత్త క్యాలెండరు తగిలించబోతూ పాతది తిప్పితే, ఆగస్టు పేజీలో పెన్సిలుతో వరుసగా ఇరవై ఒక్క రోజుల మీద చిన్న చిన్న అంకెలు కనిపించాయి. అవి మా చిన్నవాడికి టైఫాయిడ్ వచ్చినప్పుడు రాత్రి పూట థర్మామీటరు పెట్టి చూసి వేసిన అంకెలు. నూట మూడు, నూట రెండున్నర, నూట మూడు, మళ్లీ నూట రెండు. చివరికి ఒకనాడు తొంభై ఎనిమిది, దాని పక్కన నేనే గీసిన చిన్న ముగ్గు. ఆ ఇరవై ఒక్క రాత్రులు నేను నిద్రపోలేదు. అయినా నాలుగు నెలలు తిరిగేసరికి అవి నా లెక్కలోంచి పూర్తిగా జారిపోయాయి. వాడు లేచి తిరుగుతున్నాడు గనుక జ్వరం లేనట్టే, జ్వరం లేదు గనుక నేను మేలుకున్న రాత్రులూ లేనట్టే అయ్యాయి.

ఇంటి పని స్వభావమే అంత. స్థలం కొంటే స్థలం అక్కడ ఉంటుంది, పదిమందికీ చూపించవచ్చు. వండిన అన్నం మాత్రం పూటలో అయిపోతుంది, ఉతికిన బట్ట మర్నాటికి మాసిపోతుంది, ఊడ్చిన వాకిట్లో మళ్లీ ఆకులు రాలుతాయి. ఈ పని చేసినప్పుడు ఎవరికీ కనపడదు, మానేసిన నాడే కనపడుతుంది. మీ మామగారి విషయమే చూడండి. మంచాన ఉన్న మనిషికి పుండ్లు పడకుండా ఉండాలంటే రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, చెమ్మ తగలకుండా తుడవాలి, పక్కబట్ట మడతలు పడకుండా లాగి సరిచేయాలి. ఏడాదికి పైగా ఆయన ఒంటి మీద పుండు పడలేదంటే అది మీరు వందల రోజుల పాటు, రాత్రీ పగలూ చేసిన పని ఫలితం. ఒక్క పుండు పడి ఉంటే ఊరంతా చూసేది. పడలేదు గనుక మీరే దాన్ని “ఎవరింట్లోనైనా ఉండేవే” అని రాసి దాటిపోయారు.

మీరు లెక్కలు చెప్పినవారు గనుక ఒక లెక్క మీ ముందు పెడతాను. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా జనం రోజులో ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారో సర్వే చేసింది. ఆరేళ్లు, అంతకు పైబడిన వారిలో జీతం లేని ఇంటి పని చేసిన ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే ఇచ్చారు. మగవారిలో ఆ పని చేసినవారే నూటికి 26 మంది, వారు ఇచ్చినది 97 నిమిషాలు. పిల్లలనూ పెద్దలనూ కనిపెట్టుకుని ఉండే పని దీనికి వేరు. అందులో పాల్గొన్నవారి సగటు ఆడవారికి 134 నిమిషాలు, మగవారికి 76. ఇక 299 నిమిషాలను 365తో హెచ్చవేసి గంటల్లోకి మార్చండి. పద్ధెనిమిది వందల గంటలు దాటుతుంది. రోజుకు ఎనిమిది గంటల కొలువుగా చూస్తే అది 227 రోజుల పని. అదీ దేశపు సగటు. మంచాన ఉన్న పెద్దాయన, మూడేళ్ల పిల్లవాడు ఉన్న ఇంట్లో మీ లెక్క అంతకంటే ఎక్కువే తేలుతుంది.

ఇంత పనికీ మన దేశపు పద్దుల్లో పేరు లేదు. 2021 జనవరి 5న సుప్రీంకోర్టు, రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలిద్దరూ చనిపోయిన ఒక కేసులో పరిహారం నిర్ణయిస్తూ, గృహిణి పనికి విలువ కట్టవలసిందేనని చెప్పింది. ఆ ధర్మాసనంలో ఉన్న మన తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో, 2011 జనగణనలో ఇంటి పనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవారు దాదాపు 16 కోట్ల మంది అనీ, మగవారు 58 లక్షల లోపేననీ గుర్తుచేశారు. జనగణన పట్టికల్లో ఆ 16 కోట్ల మందీ పని చేయనివారి వరుసలోకే వెళ్లారు. ఆ తీర్పు చదివినప్పుడు నాకు సంతోషమూ కలిగింది, మనసు కలుక్కుమన్నది కూడా, ఎందుకంటే ఆ ఇల్లాలు చనిపోతే తప్ప ఆమె చేసిన పనిని లెక్కించే సందర్భం రాలేదు. మీ లెక్క మీరు ఉండగానే, మీ ఇంట్లోనే జరగాలని నా కోరిక.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపిన మాటకు వస్తాను. అది “సాయంత్రం పాపకు తెలుగు చెప్పడం” అన్న నాలుగు మాటల ముక్క. మీరు దాన్ని జ్వరాల పక్కన ఇరికించి వదిలేశారు. కాని నా చేతిలో మీ కవరు ఉంది. దాని మీద మొదట పెన్సిలుతో రాసి, రబ్బరుతో చెరిపి, మళ్లీ పెన్నుతో దిద్దిన గీతలు వెలుతురులో పెడితే ఇంకా కనపడుతున్నాయి. “పర్లాకిమిడి” అన్న మాటలో రకారం కింద లావత్తు కొంచెం పక్కకు జరిగి, మళ్లీ సరైన చోటికి వచ్చింది. గుడులు మూడూ తప్పు లేకుండా ఉన్నాయి. ఎనిమిదేళ్ల పిల్ల అది.

ఆ పిల్లకు తెలుగు ఏ బడిలోనూ రాలేదు. మన వైపు పిల్లలు బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటారు. బజారులో రెండు భాషలూ వినపడినా, తెలుగు అక్షరం మాత్రం ఇంట్లో ఎవరైనా కూర్చోబెట్టి దిద్దిస్తే తప్ప చేతికి రాదు. పైగా రెండు లిపులూ గుండ్రటివే. ఒడియా ఠకారం చూడడానికి అచ్చం మన సున్నాలాగే ఉంటుంది. మా పెద్దమ్మాయి ఆ వయసులో బడిలో ఠకారం వచ్చినచోటల్లా సున్నా అని చదివి, ఇంటికి వచ్చి సున్నా ఉన్న చోట ఠ అని పలికేది. తలకట్టు ఎక్కడ పెట్టాలో, వత్తు కిందికి ఎందుకు పోతుందో చెప్పి చెప్పి నా గొంతు ఆరిపోయేది. ఆ శ్రమ ఎంతో నాకు తెలుసు గనుకనే మీ పాప రాసిన లావత్తును చూసి అంతసేపు ఉండిపోయాను. ఈ ఊళ్లోనే ఉంటూ ఇక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారిని ప్రతి ఆగస్టు 29న మనం తలుచుకుంటాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమై ఈ ఊరు అటు కలిసినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆ తరువాత ఇక్కడ మిగిలిన తెలుగు ఇళ్లలో అక్షరం ఇన్ని తరాలు నిలిచిందంటే అందులో పెద్ద పాలు తల్లులదే. ఏ తల్లి పేరూ ఎక్కడా రాసి లేదు. ఈ ఏడాది గుణుపురంలో ఆ పని చేసినవారిలో మీరొకరు. మీ నోటుబుక్కులో సంవత్సరం కింద మొదటి వాక్యంగా “మా పాపకు తెలుగు చదవడం, రాయడం నేర్పాను” అని రాయండి. మీ స్నేహితురాళ్లు రాసిన ఏ వాక్యానికీ ఇది తీసిపోదు.

ఇక మీవారి మాట. ఆయన చెడ్డవారని మీరు రాయలేదు, నాకూ అనిపించలేదు. ఆయన వృత్తి లెక్కలు రాయడం. మిల్లులోకి ధాన్యం బస్తా వచ్చినా, బియ్యం బస్తా బయటికి పోయినా చిట్టాలో ఎక్కాల్సిందే, చిట్టాలో ఎక్కనిది ఆవర్జాకు, అంటే ఖాతాల పుస్తకానికి, రాదు. మీ ఇంటి పనికి ఇన్నాళ్లూ చిట్టా లేదు గనుక ఆయన కంటికి ఆనలేదు. ఒక రాత్రి భోజనాలయ్యాక, పిల్లలు పడుకున్నాక, క్యాలెండరును ఆయన ముందు పెట్టి జనవరి నుంచి చదివి వినిపించండి. నిష్ఠూరంగా వద్దు, ఆయన మిల్లులో పద్దు చదివినట్టే చదవండి. ఏ నెలలో ఎన్ని రాత్రులు మేలుకున్నారు, ఎన్నిసార్లు ఆసుపత్రికి తిరిగారు, ఎన్ని రోజులు మీరే జ్వరంతో ఉండి వండారు, అంతా చెప్పండి. ఆ మనిషికి అర్థమయ్యే భాష అదే.

చదివాక ఊరుకోవద్దు. అడగవలసినవి అడగండి. ఆయన మెచ్చుకుంటే సంతోషమే, కాని మెప్పుతో మీ నడుము నొప్పి తగ్గదు. ఆదివారం నాడు మామగారి స్నానం, ఒళ్లు తుడవడం, కాళ్లూ చేతులూ ఆడించే వ్యాయామం ఆయన చేయాలి. ఆ మంచం మీద ఉన్నది ఆయన కన్నతండ్రి. కొడుకు చేతి స్పర్శ ఆ పెద్దాయనకూ కావాలి. రాత్రి పడుకునే ముందు వేసే మందులు కూడా ఆయన వంతు చేయండి. మొదట్లో తప్పులు చేస్తారు, మీరు చేసినంత నేర్పుగా చేయలేరు. అయినా అందులోంచి లాక్కోకండి. “నువ్వు చేయలేవులే” అని ఒక్కసారి అంటే ఆ పని మళ్లీ జన్మంతా మీ నెత్తినే ఉంటుంది. నేను ఆ తప్పు చేశాను.

సుభద్ర డబ్బు గురించి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో మొదలైన ఆ పథకం కింద ఏడాదికి పది వేలు, ఐదేళ్లకు యాభై వేలు, ఏడాదికి రెండు విడతలుగా ఆడవారి పేరు మీదే వేయాలని ప్రభుత్వం అనుకోవడానికి ఒక కారణం ఉంది. ఇంటికి అవసరం వచ్చినప్పుడు వాడడం తప్పు కాదు, అది మీ ఇల్లే. కాని రెండు విడతల్లో ఒకటి, ఐదు వేలు, ఇంటి ఖర్చులో కలపకుండా మీ ఖాతాలోనే ఉంచండి. దేనికని ఇప్పుడే ఆలోచించనక్కరలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో మీ పేరు మీద కదలకుండా ఉన్న డబ్బు ఎంత అని మిమ్మల్ని మీరు అడిగి చూసుకుంటే నేను ఎందుకు చెబుతున్నానో తెలుస్తుంది.

మళ్లీ పాఠాలు చెప్పాలని ఉన్నదా లేదా అన్నది మీరు రాయలేదు. ఉంటే, తొందర లేదు. బాబుకు మూడేళ్లు నిండాయి గనుక అంగన్‌వాడీకి పంపవచ్చు, పొద్దున రెండు మూడు గంటలు మీకు దొరుకుతాయి. ఆ గంటల్లో మొదటి నెల నిద్రపొండి. ఆ తరువాత, మీ వీధిలో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని పిల్లలు నలుగురైనా ఉంటారు, మీ పాపతో పాటు వాళ్లనూ వారానికి రెండు సాయంత్రాలు కూర్చోబెట్టుకోవచ్చు. ఇష్టమైతేనే సుమా. ఏడాది చివర రాసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని మాత్రం కొత్త బరువు నెత్తికెత్తుకోకండి. ఇంకొక సంగతి కూడా అడగాలి. బాధ ఆ ఒక్క గంటకు పరిమితం కాకుండా నిద్ర పట్టకపోవడం, కారణం లేకుండా ఏడుపు రావడం, అన్నం సహించకపోవడం వారాల తరబడి ఉంటే డాక్టరుకు చూపించుకోండి. ఊళ్లో ఎవరైనా చూస్తారని మొహమాటంగా ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ, డబ్బు కట్టనక్కరలేదు, ఏ వేళనైనా చేయవచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు.

మొన్ననే మార్గశిరం ముగిసింది. మీ వీధిలో ఒడియా ఇళ్ల వాళ్లు మనకంటే పదిహేను రోజుల ముందే మార్గశిర లక్ష్మీవారాలు మొదలుపెట్టి, గడప నుంచి దేవుడి గూటి దాకా తడి బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేసి ఉంటారు. ఆ గురువారాల్లో వాళ్లు చదువుకునే, ఒడియా కవి బలరామదాసు రాసిన లక్ష్మీపురాణం కథ మీరూ విని ఉంటారు. వ్రతం చేసుకున్న చండాల స్త్రీ ఇంటికి లక్ష్మి వెళ్లి వచ్చిందని అన్నగారైన బలభద్రుడు పట్టుబట్టడంతో జగన్నాథుడు ఆమెను గుడిలోకి రానివ్వడు. ఆమె వెళ్లిపోతుంది. ఆ అన్నదమ్ములిద్దరికీ పన్నెండేళ్లు అన్నం పుట్టదు. బిచ్చమెత్తినా పుట్టదు, స్వయంగా వండుకుందామన్నా పొయ్యి వెలగదు. చివరికి ఆమె ఇంటికే వెళ్లి ఆమె చేతి అన్నం తింటారు. మళ్లీ గుడికి రమ్మంటే ఆమె ఊరికే రాలేదు. తన ప్రసాదం దగ్గర కులభేదం ఉండకూడదని షరతు పెట్టి, ఒప్పించుకుని వచ్చింది. నేను ఆ కథలో ఆకలి ఘట్టం కంటే షరతు ఘట్టాన్నే ఎక్కువగా తలుచుకుంటాను. ఇంటికి దీపం ఇల్లాలు అని మనల్ని పొగిడేవారు చాలామంది ఉన్నారు. ఆ పొగడ్త విని సంతోషించి ఊరుకున్న తరం మాది. మీరు మీ షరతు కూడా చెప్పండి.

చివరగా, డిసెంబరు 31 లోపలే ఇదంతా తేలిపోవాలని కంగారు పడకండి. ఈ సరిహద్దు జిల్లాల్లో ఉండేవారికి ఏడాది మూడుసార్లు మారుతుంది. జనవరి ఒకటి అయ్యాక ఉగాది ఉంది, ఉగాది పచ్చడి తిన్నాక ఏప్రిల్ 14న పణా సంక్రాంతికి పక్కింటి వాళ్లు మారేడు పానకం పంపిస్తారు. ఈలోగా క్యాలెండరులో నెలకు ఒక్క వాక్యం చొప్పున పన్నెండు వాక్యాలు ఆ నోటుబుక్కులోకి ఎక్కించండి. కొత్త క్యాలెండరు తగిలించేటప్పుడు ఒక పెన్సిలు దారంతో దాని మేకుకే కట్టి ఉంచండి. మీవారి ఆదివారాలకు ఆయన చేతనే గుర్తు పెట్టించండి. ఎలా జరిగిందో ఉగాది నాటికి నాకు రాయండి. ఈసారి కూడా చిరునామా పాప చేతే రాయించండి, పెన్సిలు గీతలు చెరపనక్కరలేదని చెప్పండి.